మలేసియాకీ నేపాల్‌కీ మధ్య

పోయిన నెల మా మేనకోడల్ని కొత్త చదువులో చేర్పించి వచ్చాను. భువనేశ్వర్ వైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ, పేరు రాయను, అందులో ఈ ఏడే స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ అఫైర్స్ అని ఒకటి తెరిచారు. పిల్లది మొదటి బ్యాచ్. హాస్టల్లో దింపే రోజూ ప్రారంభోత్సవం రోజూ ఒకటే పెట్టారు కాబట్టి సూట్‌కేసులు, బకెట్లు, దిండ్లు మోసుకొచ్చిన తల్లిదండ్రులందరం అవన్నీ ఒక మూల పడేసి షామియానా కింద కూర్చుని ఉపన్యాసాలు వినాల్సి వచ్చింది.

అసలు వెళ్ళాల్సింది మా చెల్లెలూ వాళ్ళాయనా. వాళ్ళుండేది పర్లాకిమిడిలో. ఆయనకి ఆఫీసులో ఆడిట్ పడింది, మా చెల్లెలికి మోకాళ్ళు. "అన్నయ్యా, నువ్వు చెప్పే సబ్జెక్టే కదా, నువ్వే వెళ్ళు" అంది. నేను బరంపురంలో డిగ్రీ పిల్లలకి పొలిటికల్ సైన్స్ చెబుతాను, ఇరవై ఆరేళ్ళ నుంచి, అందుకని మా చుట్టాల్లో ఎవరి పిల్లల ఫారాలైనా, ఎవరి రేషన్ కార్డు తగాదాలైనా చివరికి నా దగ్గరికే వస్తాయి. మా పక్కింటాయన "అమ్మాయి ఏం చదువు సార్" అని అడిగితే చెప్పాను. "ఐఎఫ్ఎస్సా?" అన్నాడు. ఆ దారేనండీ అన్నాను. "మంచిది, మా బావమరిది కూడా ఫారెస్టులోనే, భంజనగర్‌లో" అని సంతోషపడ్డాడు. ఫారెస్టు కాదు, ఫారిన్ అని విడమరిచి చెబుదామనుకున్నాను గానీ బండికి టైమైపోయింది.

అమ్మ కూడా బయల్దేరింది. 80 దాటింది, వద్దంటే వింటుందా. మనవరాలు విదేశీ వ్యవహారాలు చదువుతుందని చెబితే ఆవిడకి అర్థమైంది ఒకటే, వాళ్ళ నాన్న రంగం వెళ్ళినట్టు ఇది కూడా ఎక్కడికో ఓడెక్కి పోయే వ్యవహారమని. మా వైపు పాతవాళ్ళు బర్మాలోని రంగూన్‌ని రంగం అనేవారు. ఇప్పటి పిల్లలకి ఆ మాట చెబితే అదేదో నాటకాల రంగం అనుకుంటారు. అప్పట్లో గోపాల్‌పూర్ నుంచి స్టీమర్లుండేవి. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలకి వేల మంది రేవుల్లో బస్తాలు మోయడానికి, రైసు మిల్లుల్లో పనికి, రిక్షాలు లాగడానికి వెళ్ళేవారు. అక్కడివాళ్ళు మనవాళ్ళని కొరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద, అదేమీ గౌరవంగా అన్న మాట కూడా కాదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ ఊళ్ళో సగానికి పైగా మనదేశం వాళ్ళే.

బండి ఛత్రపూర్ దాటేటప్పుడు పిల్లకి కిటికీలోంచి సముద్రం వైపు చూపించి, అక్కడ ఓస్కామ్ అని ఇసక ప్లాంటుంది తెలుసా అన్నాను. ఇయర్‌ఫోన్ ఒకటి తీసి "ఏంటి మావయ్యా" అంది. ఆ ఇసకలో ఇల్మనైట్, మోనజైట్ ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాల ఎగుమతికి అడ్డం పెట్టేసరికి దేశదేశాల కార్ల కంపెనీలు కంగారు పడ్డాయి కదా, రేర్ ఎర్త్‌లు దొరికే ఖనిజాల్లో ఈ మోనజైట్ ఒకటి. మీ చదువంతా ఇదేనమ్మా, మన స్టేషన్ పక్కనే ఉంది అన్నాను. "మావయ్యా, క్లాసులు రేపట్నించి" అని ఇయర్‌ఫోన్ మళ్ళీ పెట్టేసుకుంది. సరే, చిలక సరస్సు వచ్చేసరికి నేనూ నోరు మూసుకుని పులిహోర తిన్నాను.

షామియానా బాగా వేశారు, అది ఒప్పుకోవాలి. స్టేజి వెనక ప్రపంచ పటం ఫ్లెక్సీ, దాని కింద బంతిపూల దండ, ఆ దండ ఎంత లావుగా కట్టారంటే శ్రీలంక మొత్తం దాని వెనక్కి వెళ్ళిపోయింది. పక్కన పొడుగాటి బల్ల మీద నీలం గుడ్డ పరిచి, బుల్లి బుల్లి జెండాలు ఇత్తడి స్టాండ్లలో, ఇంగ్లీషు అక్షర క్రమంలో నలభై దాకా నిలబెట్టారు. పిల్లలందరూ వాటి ముందు సెల్ఫీలు. అమ్మకి ఉపన్యాసాలు ఇంగ్లీషులో, మధ్యమధ్య ఒడియాలో సాగుతుంటే విసుగొచ్చి, నా మోచేతి మీద పొడిచింది.

"ఒరేయ్, అందులో మన రంగం జెండా ఏదిరా?"

లేచి వెళ్ళి వెతికాను. మలేసియాకీ నేపాల్‌కీ మధ్య మయన్మార్ అని చీటీ ఉంది, బర్మాకి ఇప్పటి పేరు. దాని మీద జెండా ఎర్రది, మూలలో నీలం గడి, గడిలో పళ్ళచక్రం, వరికంకి, చుట్టూ 14 తెల్ల చుక్కలు. ఇది వాళ్ళు 2010 అక్టోబరులోనే దించేసిన జెండా. ఇప్పుడున్నది పసుపు, ఆకుపచ్చ, ఎరుపు చారల మీద ఒక పెద్ద తెల్ల నక్షత్రం. కుట్టిన టైలర్ ఏ పాత పుస్తకం చూసి కుట్టాడో పాపం. వాలంటీర్ బ్యాడ్జి పెట్టుకున్న ఒక అమ్మాయి అక్కడే నిలబడి ఉంటే మెల్లిగా చెప్పాను. ఆ పిల్ల నమ్మలేదు, ఫోన్లో చూసుకుంది, నావైపు చూసింది, మళ్ళీ ఫోన్ చూసింది, "సార్, ఎవరికైనా చెప్పారా?" అంది. లేదమ్మా అన్నాను. చటుక్కున ఆ జెండా స్టాండుతో సహా తీసి బల్ల కింద గుడ్డ వెనక పెట్టేసింది. చీటీ కూడా. అంతే, మలేసియాకీ నేపాల్‌కీ మధ్య జానెడు ఖాళీ.

నేను తిరిగొచ్చి కూర్చున్నాక అమ్మ అడిగింది, కనిపించిందా అని. ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారమ్మా అన్నాను.

ఉపన్యాసాల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఇండో పసిఫిక్ అనే మాట నేను లెక్కపెట్టినంతవరకు 19 సార్లు వచ్చింది. బంగాళాఖాతం ఒక్కసారీ రాలేదు, ఆ బంగాళాఖాతం పేరు మీదే ఉన్న ఏడు దేశాల కూటమి బిమ్స్‌టెక్ పేరు కూడా ఎవరూ ఎత్తలేదు, అక్కణ్ణించి గంటన్నర కారులో వెళితే సముద్రం వచ్చేస్తుంది. ఒక్క రిటైర్డ్ రాయబారిగారు మాత్రం మనసులో మాట చెప్పినట్టు మాట్లాడారు. తను సర్వీసులో చేరిన కొత్తలో ఒక విదేశీ భాష అంటగట్టారట, ఆ భాష పరీక్ష గట్టెక్కేదాకా ఉద్యోగం ఖాయం చెయ్యరు, ఏడాది పాటు పసిపిల్లాడిలాగా అక్షరాలు దిద్దానని, తర్వాత ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో తనకి అన్నం పెట్టింది ఆ ఏడాదేనని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నేను చేతిలో ఉన్న బ్రోచర్ తిరగేశాను. తళతళలాడే కాగితం, 24 పేజీలు. భాషలు అని వెతికితే ఆఖరి పేజీలో ఉంది, ఫ్రెంచ్, జర్మన్, ఇష్టమైతే తీసుకోవచ్చు, మార్కులు లెక్కలోకి రావు.

టీ దగ్గర డీన్‌గారు దొరికారు. మర్యాదస్తుడే. బెంగాలీ, బర్మీస్, సింహళం, వీటిలో ఏదైనా ఒకటి పెట్టే ఆలోచన ఉందా సార్ అని అడిగాను. ఆయన నవ్వి, డిమాండ్ ఉండాలి కదండీ అన్నారు. బర్మీస్ నేర్చుకుంటే ప్లేస్‌మెంట్ ఎక్కడ? అదీ నిజమే. లక్షలు ఫీజు కట్టించుకుని, ఉద్యోగం ఎక్కడ అని అడిగితే బర్మాలో అరకాన్ కొండల్లో అని చెప్పలేరు కదా. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా.

అయినా నాకు ఆ జవాబు గొంతులో ముల్లులా ఉండిపోయింది, వచ్చే బండిలో అదే ఆలోచన. ఎందుకంటే ఈ చదువు పుట్టింది డిమాండ్ చూసి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1919లో, వేల్స్‌లో అబరిస్ట్‌విత్ అనే సముద్రపుటొడ్డు ఊళ్ళో మొట్టమొదటిసారి అంతర్జాతీయ రాజకీయాలకి ఒక ప్రొఫెసర్ పదవి పెట్టారు. డబ్బిచ్చింది డేవిడ్ డేవిస్ అనే ఆయనా, ఆయన ఇద్దరు చెల్లెళ్ళూ, 20 వేల పౌండ్లు. యుద్ధంలో చచ్చిపోయిన ఆ కాలేజీ కుర్రాళ్ళ జ్ఞాపకంగా. లండన్ కాదు, ఆక్స్‌ఫర్డ్ కాదు, గోపాల్‌పూర్ లాంటి చిన్న ఊరు. పైగా అక్కడ జనం ఇంట్లో మాట్లాడేది వెల్ష్, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా మా పిల్లలు, ముఖ్యంగా ఇంట్లో తెలుగూ బజార్లో ఒడియా మాట్లాడే పిల్లలు, ఒక్క క్షణం తలెత్తి చూస్తారు. అదే 1919లో వాషింగ్టన్‌లో ఎడ్మండ్ వాల్ష్ అనే పాదిరీ జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో ఫారిన్ సర్వీస్ స్కూల్ తెరిచాడు. అక్కడ డిగ్రీ పిల్లలు పరాయి భాషలో మాట్లాడి మెప్పిస్తేనే పట్టా ఇస్తారు. మనదేశంలో 1943లో ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ పెట్టుకున్నారు, స్వాతంత్య్రం ఇంకా రాకముందే చూడండి, 1955లో ఢిల్లీలో దాని ఆసరాతో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ వచ్చింది, అప్పాదురై గారు మొదటి డైరెక్టరు, 1970లో అది జేఎన్‌యూలో కలిసింది. ఏ దేశం గురించి చదివితే ఆ దేశం భాష కాస్తయినా రావాలన్నది వాళ్ళ పట్టుదల. డిమాండ్ సంగతి ఎవరూ అడిగినట్టు లేదు.

మా తాతయ్య సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు.

అమ్మ వాళ్ళ నాన్న రంగూన్ రేవులో పని చేశాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడింది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లా ఒరిస్సాలోకి వెళ్ళింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1937 ఏప్రిల్ 1న, బర్మాని ఇండియా నుంచి విడదీసేశారు. అంటే పన్నెండు నెలల్లో, రేవులో బస్తాలు మోసుకునే మనిషి ఇల్లు వేరే రాష్ట్రంలో పడింది, పని వేరే దేశంలో పడింది, ఆయన మాత్రం ఎక్కడికీ కదల్లేదు. ఏప్రిల్ ఒకటి అంటే మా ఇంట్లో ఏప్రిల్ ఫూల్ కాదు. ఇంటర్నేషనల్ అఫైర్స్‌కి నాకు తెలిసిన నిర్వచనం అదే, క్లాసులో ఇంకోటి చెబుతాననుకోండి, పరీక్షకి అది రాయాలి కాబట్టి.

1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఓడ టికెట్టు దొరికిన అదృష్టవంతులు ఓడెక్కారు. తాతయ్య లాంటివాళ్ళు నడిచారు. ప్రోమ్ దాకా ఎలాగో చేరి, అక్కణ్ణించి అరకాన్ కొండలు దాటి అక్యాబ్, తర్వాత చిట్టగాంగ్, కలకత్తా, బరంపురం. ఆ ఏడు అలా నడిచి వచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు, దారిలో కలరాకీ ఆకలికీ పోయినవాళ్ళకి లెక్కే లేదు. తాతయ్య ఆ నడక గురించి ఏమీ చెప్పేవాడు కాదట. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఆడించేటప్పుడు మాత్రం బర్మీస్‌లో అంకెలు చెప్పేవాడట. తిత్, నిత్, తోన్, లే, ఙా. అమ్మకి ఐదు దాకా ఇప్పటికీ వచ్చు. హాస్టల్ గదిలో మనవరాలి మంచం మీద దుప్పటి పరుస్తూ, అప్పడాల ప్యాకెట్లు, ఆవకాయ డబ్బా, నిమ్మకాయ డబ్బా లెక్కపెట్టి అలమరాలో పెడుతూ, "తిత్, నిత్, తోన్" అంటుంటే పక్క మంచం పిల్ల, రూర్కెలా అమ్మాయట, బిత్తరపోయి చూసింది. ఆ ఐదు అంకెలూ ఆ స్కూల్ మొత్తంలో ఇంకెవరికైనా వచ్చునా అని నాకు అనుమానం.

మా జిల్లాల వాళ్ళకి ఈ వ్యవహారాలు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. వి.వి.గిరి గారు పుట్టింది మా బరంపురంలోనే, 1894లో, తెలుగు ఇల్లే. లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్ళి, అక్కడి ఐరిష్ విప్లవకారులతో కలిసి తిరిగినందుకు 1916లో దేశం వదిలి పొమ్మంటే తిరిగొచ్చారు. రాష్ట్రపతిగా అందరికీ గుర్తుంటారు గానీ, 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, మన హైకమిషనర్ ఆయనే. 1948లో ఆ దేశం చేసిన పౌరసత్వ చట్టంతో తేయాకు తోటల్లో పనిచేసే లక్షల మంది భారత సంతతి తమిళులు ఏ దేశానికీ చెందకుండా పోయింది ఆ రోజుల్లోనే. ఆ బంతిపూల దండ వెనక దాక్కుంది కూడా ఆ దేశమే. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెట్ శరణార్థులు ఉన్నారు, మొక్కజొన్న పండిస్తారు, చలికాలంలో వాళ్ళ దగ్గర స్వెట్టర్ కొనని బరంపురం ఇల్లు ఉండదు. ఒక్కసారైనా పిల్లల్ని బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్ళి, మీరెలా వచ్చారు, మీ కాగితాల మీద ఏ దేశం అని రాసుంది అని అడిగిస్తే మూడు క్లాసుల పెట్టు.

ఇక మా చెల్లెలి ఊరు. పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి ఆటోలో పది నిమిషాలు. ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. ఇటు వాళ్ళు అటు పిల్లనిచ్చుకుంటారు, అటు వాళ్ళు ఇటు వైద్యానికొస్తారు. సవర భాషకి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే మేష్టరుగా ఉండేవారు, 1936లో ఆ ఊరు ఒరిస్సాలోకి పోతే మనసొప్పక రాజమండ్రి వెళ్ళిపోయారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ పది నిమిషాల దారికి అడ్డంగా బారికేడ్లు పెట్టినప్పుడు, మా చెల్లెలి అత్తగారి బీపీ మాత్రలు అటువైపు నుంచి ఒక కుర్రాడు తెచ్చి కానిస్టేబుల్ చేతిలో పెడితే, ఆయన కర్రతో ఇటు తోస్తే, మా చెల్లెలు శానిటైజర్ కొట్టి తీసుకుంది. అప్పుడు ఫోన్లో నాతో "అన్నయ్యా, నాకు పాస్‌పోర్టు చేయించు" అని ఏడుస్తూనే నవ్వింది. కోరాపుట్ వైపు కొటియా ఊళ్ళు ఇంకా గమ్మత్తు, 21 ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968లో సుప్రీంకోర్టు మెట్లెక్కాయి, ఇప్పటికీ తేలలేదు, అక్కడ రెండు రేషన్ కార్డులూ రెండు ఓట్లూ ఉన్నవాళ్ళున్నారు. ఇండియా, బంగ్లాదేశ్ మాత్రం ఒకరి భూమి మధ్యలో ఒకరికున్న 162 ముక్కల్ని 2015లో ఒక్క అర్ధరాత్రి మార్చేసుకున్నాయి. రెండు దేశాలకి కుదిరింది రెండు రాష్ట్రాలకి ఎందుకు కుదరలేదో, ఈ ప్రశ్న నేను ఏటా ఇంటర్నల్ పరీక్షలో ఇస్తాను, ఏటా ఒక్కరైనా మంచి జవాబు రాస్తారు, సాధారణంగా వెనక బెంచీ నుంచి.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. 2018 చివర్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఇరవై మందికి పైగా, గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి దొరికిపోయారు. గోపాల్‌పూర్‌లో తెలుగు పల్లెకార్ల ఇళ్ళల్లో అప్పుడు అదే మాట, ఎందుకంటే చుట్టరికాలు ఇచ్ఛాపురం, సోంపేట దాటి ఒకటే కోవ. ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు, మేనల్లుడి పేరు లిస్టులో ఉందో లేదో చూసి పెట్టమని. ఏ లిస్టో ఆయనకి తెలీదు. నాకు తెలుసు, క్లాసులో రెండు లైన్లు చెప్పి వదిలేసే సంగతి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్ళలో ఉన్న అవతలి వాళ్ళ పేర్ల జాబితా ఇచ్చిపుచ్చుకోవాలి, మత్స్యకారులకి విడిగా జాబితా ఉంటుంది. సముద్ర చట్టం 73వ అధికరణం ప్రకారం 200 నాటికల్ మైళ్ళ ఆర్థిక మండలంలో చేపల నేరానికి, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వెయ్యకూడదు కూడా. కానీ గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్య సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర గీత ఎక్కడుందో రెండు దేశాలకీ ఒప్పందమే లేదు, బోటు మీద కుర్రాడికి ఎలా తెలుస్తుంది. ఇదంతా ఆయనకి చెబితే విని, "అయితే జనవరి ఒకటికి మళ్ళీ రమ్మంటారా బాబూ" అన్నాడు. అంతవరకు నా సబ్జెక్టు ఎవరైనా తారీఖు రాసుకునేంత పనికొస్తుందని నేననుకోలేదు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చారు. ఆయన మేనల్లుడి పేరు అసలు ఆ జాబితాలోనే లేదు, ఆ కుర్రాడు అన్నాళ్ళూ పోర్‌బందర్‌లో వేరే బోటు మీద ఫోన్ పోగొట్టుకుని ఉన్నాడు.

అన్నీ తిట్లే రాస్తే తప్పు. లైబ్రరీ బాగుంది, మా కాలేజీ లైబ్రరీకి మూడింతలు. వచ్చిన పది రోజులకే పిల్ల ఫోన్ చేసి, ఒక కుర్ర మేడం క్లాసుని రెండుగా చీల్చి ఇండియా, బంగ్లాదేశ్‌గా కూర్చోబెట్టి గంగ నీళ్ళు పంచుకోమన్నారని చెప్పింది. 1996 ఒప్పందం, ఫరక్కా దగ్గర ప్రవాహం 70 వేల క్యూసెక్కులు దాటకపోతే చెరిసగం. మావాళ్ళు గంటన్నర కొట్టుకున్నా తేల్చలేకపోయారట. అప్పుడు ఇది లేచి, మా ఊరి వంశధార నీళ్ళు ఒడిశాకీ ఆంధ్రాకీ చెరి 57.5 టీఎంసీలు, దానికే ట్రైబ్యునల్ కూర్చోవాల్సి వచ్చింది మేడం అంటే, ఆ మేడం ఆపి, రేపు అదే చేద్దాం, నువ్వు ఒడిశా వైపు కూర్చుంటావా ఆంధ్ర వైపా అన్నారట. "నేనేం చెప్పను మావయ్యా, నాన్నమ్మ వాళ్ళది అటు, మనది ఇటు." ఎటు కూర్చుందో అడగడం మర్చిపోయాను. ఆ మేడం కోసమైనా ఆ స్కూల్ నాలుగు కాలాలు ఉండాలి. జెండాల బల్ల ఇప్పుడు రిసెప్షన్‌లో పెట్టారట. మయన్మార్ సంగతి ఏమైంది అంటే, కొత్తది తెప్పించలేదు, నేపాల్‌ని జరిపి మలేసియా పక్కన పెట్టేశారు అని చెప్పింది.

మా ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. తాతయ్య యుద్ధానికి ముందు ఒకసారి సెలవుకొచ్చినప్పుడు స్టీమర్లో తెచ్చింది. మూత లోపలి వైపు పసుపు రంగుతో బర్మీస్‌లో ఒక లైను రాసుంటుంది, మన అక్షరాల్లాగే, ఒడియా అక్షరాల్లాగే, అన్నీ సున్నాలు చుట్టినట్టు. తాటాకు మీద అడ్డగీతలు గీస్తే చిరిగిపోతుందని ఈ లిపులన్నీ అలా గుండ్రంగా తిరిగాయంటారు. అది అంగడి పేరో, తాతయ్య పేరో, ధరో, ఏ దేవుడి పేరో ఇన్నేళ్ళలో మాలో ఒక్కరం కూడా చదవలేదు. ఆ పెట్టెలో ఇప్పుడు దీపావళి ప్రమిదలు, పాత ఫ్యూజు వైరు ఉంటాయి. పోయిన ఆదివారం అమ్మ దాన్ని దింపించి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, ఫొటో తీసి పిల్లకి పంపమంది. పంపాను. పిల్ల ఫోన్లో ఏదో యాప్ పెట్టుకుని రోజూ రాత్రి కాస్త బర్మీస్ అక్షరాలు దిద్దుతోందట, మార్కులు లేకపోయినా. యాప్‌కి ఫొటో చూపిస్తే చదవలేకపోయింది, చేతిరాత, పైగా తుప్పు. రాత్రి పదకొండింటికి జవాబొచ్చింది, మొదటి అక్షరం 'మ' అని, రెండోది తెలియడం లేదు, ఇంకాస్త దగ్గరగా తీసి పంపు మావయ్యా అని. అమ్మ నిద్రపోతోంది. టార్చి వెతుక్కుని మళ్ళీ అటక దగ్గరికి వెళ్ళాను.